ఆకుపచ్చ పొట్లంలో ఉన్నదేమిటి?

ఇటీవల మన ఇళ్లలో ఒక మంచి మార్పు కనిపిస్తున్నది. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ, అంగడికి గుడ్డసంచి మళ్లీ వస్తున్నాయి. దశాబ్దాల పాటు ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన నాకు ఇది సంతోషం కలిగించే విషయమే. అయితే దీని వెంటనే మరొక ధోరణి కూడా ప్రవేశించింది. డబ్బాపై ఆకు బొమ్మ, ‘సహజం’, ‘హెర్బల్’ అన్న అక్షరాలు ఉంటే చాలు, లోపల ఏమున్నదో విచారించకుండానే ముఖానికి పూసుకొంటున్నారు. సహజమైనదంతా సురక్షితం కాదు. సహజమని చెప్పుకొనేదంతా సహజమూ కాదు.

గోరింటాకునే తీసుకోండి. అందులోని లాసోన్ అనే వర్ణద్రవ్యం చర్మానికి నారింజ ఎరుపు మొదలుకొని ముదురు గోధుమ వరకు రంగునిస్తుంది; నలుపును మాత్రం ఇవ్వదు. పండడానికి కొన్ని గంటలు పడుతుంది. కొద్దిసేపటిలోనే నల్లగా పండే మెహందీలో సాధారణంగా కలిపేది పారాఫినిలీన్ డయామిన్. ఇది జుట్టురంగులలో వాడే రసాయనం. దీనివల్ల పెళ్లికూతురి చేతులపై ముగ్గు గీసినట్లే పొక్కులు లేవవచ్చు. అంతటితో పోతే సరే. ఒకసారి శరీరానికి ఈ రసాయనం పడకపోతే ఆ గుణం జీవితాంతం నిలిచిపోతుంది. ఏళ్ల తరువాత జుట్టుకు రంగు వేసుకొన్నప్పుడు ముఖమంతా వాచి కళ్లు మూసుకుపోవచ్చు.

కుంకుమ సంగతీ అంతే. పసుపులోని కుర్కుమిన్‌కు సున్నం వంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పాదాలకు పెట్టే పారాణి రహస్యం అదే. ఆ పద్ధతిలో చేసిన కుంకుమ వల్ల పెద్దగా భయం లేదు. చవకగా దొరికే మెరుపు రంగు పొడులలో సీసపు సమ్మేళనాలు, కృత్రిమ రంగులు ఉండే అవకాశం ఉన్నది. అంటించే బొట్టుబిళ్లల జిగురులోని కొన్ని రసాయనాలు కొందరికి నుదుట తెల్లమచ్చను మిగులుస్తాయి. దానిని చూసి బొల్లి వచ్చిందని కుమిలిపోయే స్త్రీలు ఉన్నారు. అటువంటి మచ్చ కనిపించగానే బిళ్ల మాని, చర్మవ్యాధి నిపుణునికి చూపించాలి.

పసిపిల్లల కాటుక విషయంలో నా అభిప్రాయం మరింత కఠినం. సుర్మాలలో సీసపు గంధకం ఉండవచ్చు. సీసం ఎదుగుతున్న మెదడుకు హాని చేస్తుంది. దానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదు. ఇంట్లో పట్టిన కాటుకలో సీసం లేకపోయినా, వేలితో కంటిలో పెడితే సూక్ష్మక్రిములు చేరుతాయి. దిష్టి తగులుతుందని తల్లి మనసు ఊరుకోకపోతే పాదానికి చుక్క పెట్టండి. కంటిని వదిలేయండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనవి తెల్లబరిచే క్రీములు. మూలికలతో చేశామని చెప్పి అమ్మే కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది చర్మం ద్వారా రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రంలో మాంసకృత్తులు పోతాయి, కాళ్లు వాస్తాయి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండ వ్యాధిని వైద్యులు గుర్తించారు. మరికొన్నింటిలో స్టెరాయిడ్లు కలుపుతారు. మొదటి వారం ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. నల్లని మేని రంగు వ్యాధి కాదు. ఎండ ఎక్కువైన మన నేలలో అది ప్రకృతి ఇచ్చిన గొడుగు. సహజత్వాన్ని కోరేవారు ముందుగా గౌరవించవలసింది తమ సహజమైన రంగునే.

ఇక వంటింటి వస్తువులకూ హద్దులున్నాయి. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కాలినట్లై నల్లమచ్చలు పడవచ్చు. కుంకుడు రసం కంటిలో పడితే మంట సంగతి మనందరికీ తెలిసినదే. క్రొత్తది ఏది వాడదలచినా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి, రెండు రోజులు గమనించండి. కొనే వస్తువైతే పదార్థాల జాబితా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ చూడండి. అవి లేని డబ్బాను ఎవరు సిఫారసు చేసినా తీసుకోకండి.

పర్యావరణం మాటకు వస్తే, పాత సీసాలన్నీ పారవేసి వాటి స్థానంలో పది ‘హెర్బల్’ సీసాలు కొనడం వల్ల భూమికి ఒరిగేది లేదు. చిన్న షాంపూ ప్యాకెట్లు ప్లాస్టిక్కు, రేకు పొరలను అతికించి చేసినవి. పాత సామాన్లవారు కూడా వాటిని తీసుకోరు. చివరికి మురుగుకాలువకే చేరుతాయి. అదే కుంకుడుకాయ పిప్పి మొక్క పాదులో మట్టైపోతుంది. పెసరపిండి, శనగపిండి, కాస్త పసుపు కలిపిన నలుగుకు ప్యాకెట్టే అక్కరలేదు. ఎండకు గొడుగు, దాహానికి స్టీలు సీసా చాలు.

పచ్చదనం డబ్బా రంగులో లేదు, తక్కువ వాడడంలో ఉన్నది. ఈ వారం మీ అద్దం ముందున్న వస్తువులను ఒక్కొక్కటిగా తీసి చదవండి. లోపల ఏమున్నదో తెలియనిది ఒక్కటి కనిపించినా పక్కన పెట్టండి. ముఖ్యంగా ఇంట్లో పసిబిడ్డ గాని, గర్భవతి గాని ఉంటే ఈ పనిని రేపటికి వాయిదా వేయకండి.