పుస్తకాన్ని మన గడప దాకా తెస్తున్నదెవరు?

స్త్రీల సాహిత్యం గురించి మాట్లాడుకునేటప్పుడు ఎవరు రాశారు, ఏం రాశారు అని అడుగుతాం. ఎవరు అమ్మారు అని మాత్రం అడగం. కానీ ఇల్లు దాటి అంగడికి పోలేని స్త్రీ చేతికి ఏ పుస్తకం చేరాలో నిర్ణయించింది చాలావరకు అమ్మేవాడూ, కొనేవాడూనే. ఆ ఇద్దరూ మగవాళ్లే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ఊళ్లలో నిలబడి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

చాలాకాలం తెలుగు పుస్తకానికి పుట్టినిల్లు మద్రాసు. వావిళ్ల రామస్వామిశాస్త్రి 1854లో ముద్రణాలయం పెట్టింది అక్కడే. మద్రాసు-బొంబాయి రైలు ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయిందే తప్ప ఈ మూడు ఊళ్లనూ తాకలేదు. ఎర్రగుంట్ల-నంద్యాల మార్గం 2016లో పూర్తయ్యాక గాని ప్రొద్దుటూరు, జమ్మలమడుగులు ఆ రైలుదారిలోకి రాలేదు. పులివెందులకు రైలు ఇంకా రానే లేదు. ఇలాంటి చోట పుస్తకం కావాలంటే సంతలోనో, తిరునాళ్లలోనో దొరికింది కొనుక్కోవాలి, లేదంటే వి.పి.పి.లో తెప్పించుకోవాలి. ఉత్తరం రాయడానికి అక్షరం రావాలి, పార్సెలు విడిపించడానికి చేతిలో డబ్బుండాలి. 1901 జనాభా లెక్కల నాటికి దేశంలో చదవను, రాయను వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ కొద్దిమందిలోనూ డబ్బు మీద పెత్తనం ఉన్నవాళ్లెందరు? కాబట్టి ‘స్త్రీల పుస్తకం’ అంటే స్త్రీ కోరుకున్న పుస్తకం కాదు, ఇంటి మగవాడు ఆమెకు తగినదని ఒప్పుకున్న పుస్తకం.

అందుకే నోముల కథలు, వ్రతకల్పాలు, మంగళహారతులు, పతివ్రతల చరిత్రలు బాగా అమ్ముడుపోయాయి. సంస్కర్తలు కూడా ఈ చట్రాన్ని పూర్తిగా దాటలేదు. వీరేశలింగం 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రిక పెట్టాడు. ఆయన స్త్రీ విద్యకు చేసిన సేవ తక్కువది కాదు. అయినా ఆ పేరులోనే చూడండి, చదువుకోవలసింది ‘సతి’, ఆమెకు చెప్పవలసింది ‘హితం’. అలాగని పాత పుస్తకాలన్నిటినీ కొట్టిపారేయడం న్యాయం కాదు. పాటల పుస్తకాల్లో ఉన్నది స్త్రీల సొంత సొత్తు. ‘సుభద్రా కల్యాణం’ రాసిన తాళ్లపాక తిమ్మక్క ఈ కడప సీమ మనిషే. విసుర్రాయి దగ్గర, ఊయల దగ్గర ఆడవాళ్లు కట్టుకున్న పాటలే అచ్చయి, తిరిగి వాళ్లకే అమ్మకానికి వచ్చాయి. అంగడిలోకి ఎక్కేటప్పుడు పాడిన మనిషి పేరు మాత్రం రాలిపోయింది.

ఇల్లిల్లూ తిరిగిన పుస్తకం ఇంకొకటి ఉంది. జమ్మలమడుగులో కాంప్‌బెల్ ఆసుపత్రి నడిపిన లండన్ మిషన్ ఈ జిల్లాలో పందొమ్మిదో శతాబ్దంలోనే పనిచేసింది. మిషన్ల వాళ్లు సువార్త పుస్తకాలు ఊరూరా అమ్మడానికి మనుషుల్ని పెట్టేవాళ్లు. ఆడవాళ్ల దగ్గర కూర్చుని చదివి వినిపించడానికి బైబిల్ స్త్రీలను పంపేవాళ్లు. వాళ్ల ఉద్దేశం మతప్రచారమే. కానీ పుస్తకం స్త్రీకి చేరాలంటే స్త్రీయే మోసుకుపోవాలని వాళ్లు గ్రహించారు. ఆ కిటుకు మనం నేర్చుకోదగినదే.

అమ్మకానికి నోచుకోని పుస్తకం సంగతి కూడా చూడాలి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా 1910లో వావిళ్ల వారు అచ్చువేశారు. అశ్లీలమంటూ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. స్త్రీ రాసి, స్త్రీ పరిష్కరించిన పుస్తకం అంగట్లోకి రావడం నేరమైన ఆ కాలంలోనే స్త్రీకి అణకువ నేర్పే పుస్తకాలు నిరాటంకంగా అమ్ముడుపోయాయి.

పిల్లల పుస్తకాలదీ ఇదే దారి. తరాల తరబడి ‘పెద్ద బాలశిక్ష’ ఒక్కటే పిల్లల గ్రంథాలయం. 1947లో ‘చందమామ’ వచ్చాక కథ కోసం ఎదురుచూడడం పిల్లలకు అలవాటయింది. తరువాత విశాలాంధ్ర ద్వారా రంగురంగుల సోవియట్ పిల్లల పుస్తకాలు చౌకగా వచ్చాయి. పులివెందుల ప్రాంతం వాడైన రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో అనువాదకుడిగా పనిచేశాడు. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ చౌక పుస్తకం ఆగిపోయింది. ఆ ఖాళీని నింపింది గైడ్లూ, పోటీపరీక్షల పుస్తకాలే. ఇంట్లో కొడుక్కీ కూతురికీ కలిపి ఒక్క పుస్తకమే కొనగలిగితే అది ఎవరి పేరున వస్తుందో మనకు తెలియనిది కాదు.

పుస్తకం సరైన చేతుల మీదుగా చేరితే ఏం జరుగుతుందో మన పక్క జిల్లా నెల్లూరు చూపించింది. అక్షరాస్యతా ఉద్యమంలో వాచకంలోని ‘సీతమ్మ కథ’ చదివి దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం దుకాణంలో కొన్నది కాదు. సాయంత్రం పూట పదిమంది ఆడవాళ్లు కలిసి కూర్చుని చదివింది.

మరి మనం ఏం చేస్తున్నాం? కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1985 నుంచే చట్టం అమలు చేసింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. గృహహింస చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. వీటి మీద మనం చిన్న పుస్తకాలు వేస్తాం, సభల్లో పంచుతాం, మిగిలినవి ఆఫీసు బీరువాలో పెడతాం. వ్రతకథ పుస్తకం మాత్రం పసుపు, కుంకుమ అమ్మే ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. తప్పు వ్రతకథది కాదు. అది స్త్రీ నడిచే దారిలో ఉంది. మన పుస్తకం లేదు.

కాబట్టి అమ్మకాన్ని వ్యాపారమని చిన్నచూపు చూడకుండా హక్కుల పనిలో భాగం చేసుకుందాం. సంతలో, తిరునాళ్లలో, బస్టాండులో మన పుస్తకాల బల్ల ఒకటి ఉండాలి. ఆ బల్ల దగ్గర కూర్చునేది స్త్రీయే కావాలి, అమ్మకంలో ఆమెకు వాటా ఉండాలి. పొదుపు సంఘం సమావేశంలో లెక్కలయ్యాక ఒక అరగంట పుస్తకం చదవాలి. ఇక గ్రంథాలయాల మాట. ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే చోట స్త్రీలకూ పిల్లలకూ వేరుగా కూర్చునే వీలు, మరుగుదొడ్డి, పుస్తకాల ఎంపికలో మాట ఉండాలని జిల్లా గ్రంథాలయ సంస్థను అడగాలి. ఇది దయ కాదు, మనం కట్టిన పన్నుకు లెక్క.

మన పుస్తకాన్ని మన గడపకు మనమే తెచ్చుకోకపోతే, తెచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏ పుస్తకం తేవాలో వాళ్లకు బాగా తెలుసు.