ఆ నీరసం మాత్ర వల్లేమో!

"ఏమోనమ్మా, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది, కూర్చుంటే పడుకోవాలనిపిస్తుంది." కర్నూలులోనైనా, కడపలోనైనా నలుగురు ఆడవాళ్లు కలిసినచోట ఈ మాట నాకు వినపడుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు దానికి పెట్టే పేరు బద్ధకం. మనం చెప్పుకునే కారణం వయసో, ఎండో. రోజూ మింగే మాత్ర వైపు మాత్రం ఎవరి చూపూ పోదు.

నిజమే, నీరసానికి కారణాలు చాలా ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. థైరాయిడ్ తక్కువైనా ఒళ్లు బరువెక్కుతుంది. కానీ కొత్త మాత్ర మొదలుపెట్టాకో, మోతాదు పెంచాకో నీరసం వచ్చిందంటే ఆ మాత్రను కూడా అనుమానించాల్సిందే.

జలుబుకు, దురదకు వాడే అవిల్, సెట్రిజిన్ లాంటివి కొందరికి మగత తెస్తాయి. బీపీకి ఇచ్చే అటెనోలాల్, మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తాయి. మెట్లెక్కితే కాళ్లు లాగినట్టుంటుంది. నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్, ప్రీగాబలిన్ వేసుకున్నవాళ్లకు పగలు కూడా కళ్లు మూతపడుతుంటాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గి నీరసం, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. దీన్ని రక్తపరీక్షలో కనిపెట్టవచ్చు.

మన సీమ ఎండల సంగతి వేరే చెప్పాలా? బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవాళ్లకు, చెమట కూడా తోడైతే ఒంట్లో నీరూ లవణాలూ తగ్గి కళ్లు తిరుగుతాయి. అలాగని ఎవరో చెప్పారని ఉప్పు పెంచకండి. ఎంత నీళ్లు, ఎంత ఉప్పు అన్నది డాక్టరునే అడగండి. కార్తీక సోమవారమైనా, రంజాన్ రోజా అయినా, గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకుని పస్తుంటే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉపవాసానికి ముందే డాక్టరుతో మాట్లాడుకుంటే ఇంతదాకా రాదు.

నీరసాన్ని మించిన ప్రమాదం ఒకటుంది. "ఈ మాత్ర పడటం లేదు" అనుకుని ఎవరితోనూ చెప్పకుండా మానేయడం. మానగానే హాయిగా ఉన్నట్టుంటుంది, బీపీ మాత్రం లోపల పెరుగుతుంటుంది. అటెనోలాల్ లాంటివి హఠాత్తుగా ఆపితే గుండెజబ్బు ఉన్నవాళ్లకు గుండెపోటే రావచ్చు. ఫిట్స్ మాత్రలు ఆపితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు. నోరు మూసుకుని భరించడమూ తప్పే, చెప్పకుండా మానేయడమూ తప్పే.

మరి ఏం చేయాలి? ఒక వారం పాటు మాత్ర వేసుకున్న వేళ, నీరసం వచ్చిన వేళ పిల్లల నోటుబుక్కులో రాసి పెట్టండి. ఆ కాగితం, వాడే మందులన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మందుల షాపులో సొంతంగా కొన్నవీ, ఆకు మందులూ దాచకండి. చాలాసార్లు పెద్ద మార్పే అక్కర్లేదు. పొద్దుటి మాత్ర రాత్రికి మార్చడమో, మోతాదు తగ్గించడమో, ఇంకో మందు ఇవ్వడమో సరిపోతుంది. ఏది చేయాలో నిర్ణయించాల్సింది మాత్రం డాక్టరే. అంతవరకూ మగతగా ఉన్నప్పుడు స్కూటీ నడపకండి, పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉండండి. మందుల దుష్ఫలితాలను మనమే నేరుగా చెప్పడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు కూడా ఉంది.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. అలసిపోయిన ఆడమనిషిని బద్ధకస్తురాలనే ముందు, ఆమె మందుల చీటీ ఒకసారి తీసి చూడండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి. "నీరసంగా ఉంది" అన్నది సాకు కాదు. జ్వరం ఉందని చెప్పినట్టే అదీ ఒంటి కష్టం చెప్పుకోవడమే.