బ్యాటరీకీ ఊపిరాడాలి

హైబ్రిడ్ కారు కొన్నప్పట్నుంచీ మా చుట్టాల్లో ఎవరు ఎక్కినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘‘బ్యాటరీ పోతే ఎంత పెట్టాలి?’’ మైలేజీ ఎంతన్నది ఆ తర్వాత. మూడేళ్లుగా నడుపుతున్నాను. ఆ పెద్ద బ్యాటరీ తనంతట తానుగా నన్ను ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. పెట్టింది బియ్యం బస్తా.

కిందటి మే నెలలో విజయవాడ అవతలున్న మా ఊరి నుంచి హైదరాబాదు వస్తున్నాం. డిక్కీ నిండా సూట్‌కేసులు, మామిడిపళ్ల పెట్టెలు. చోటు లేక బస్తాను వెనక సీటు మీదికి ఎక్కించి, పక్కన ఆవకాయ జాడీ కదలకుండా దుప్పటి కుక్కాం. సూర్యాపేట దాటేసరికి సీటు దగ్గర హోరుమని చప్పుడు. ఇంకాస్త దూరం పోయాక తెర మీద హెచ్చరిక. దాబా ముందు ఆపి చూస్తే, సీటు పక్కనుండే చిన్న జాలీని మా దుప్పటి నిండా కప్పేసింది. ఆ జాలీయే బ్యాటరీకి ముక్కు. దుప్పటి లాగేసి, ఏసీ వేసుకుని పావుగంట కూర్చున్నాక గానీ హోరు తగ్గలేదు.

చాలా హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీ వెనక సీటు కిందో, దాని వెనకో ఉంటుంది. కారు లోపలి గాలిని ఒక ఫ్యాను ఈ జాలీ గుండా లాగి బ్యాటరీ మీదుగా పంపుతుంది. మనం పీల్చే గాలినే అదీ పీలుస్తుందన్నమాట. నాలుగు చుక్కల పెట్రోలు మిగులుతుందని ఏసీ కట్టేసి, చెమటలు కక్కుతూ నడిపే పొదుపరులు మా ఇంట్లోనూ ఉన్నారు. ఖమ్మం, రామగుండం ఎండల్లో ఆ పొదుపంతా బ్యాటరీ ఆయుష్షు ఖాతాలో ఖర్చు రాసుకోవాల్సిందే. వేడిని మించిన శత్రువు దానికి లేదు. ఎండలో నిలిపిన కారెక్కితే ముందు అద్దాలు దించి, లోపలి వేడి పోయాక ఏసీ వేయడం మనకెంత సుఖమో దానికీ అంతే.

ఇల్లు చేరిన మర్నాడు ఆ జాలీ వెనక ఫిల్టరు ఊడదీయించాను. దుమ్ము, తలవెంట్రుకలు, పల్లీ పొట్టు, మా మనవడు నమిలి వదిలేసిన జంతికల పొడి, అన్నీ కలిసి దూది పరుపులా పేరుకున్నాయి. దులిపి మళ్లీ బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అంతకుముందు ఎన్ని సర్వీసులు చేయించానో! ఎవరూ దాన్ని ముట్టిన పాపాన పోలేదు. బిల్లులో మాత్రం ‘ఇంటీరియర్ క్లీనింగ్’ అని ప్రతిసారీ ఉంది.

ఇక చుట్టాలడిగే ‘బ్యాటరీ పోతే’ భయం సంగతి. టయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. దాని రెండో తరం బండి బ్యాటరీలో ఒక్కోటి 7.2 వోల్టుల చొప్పున 28 మాడ్యూళ్లు, మొత్తం 201.6 వోల్టులు. కంప్యూటరు ఆ బ్యాటరీని ఎన్నడూ పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. ఇంచుమించు 40 నుంచి 80 శాతం మధ్యే తిప్పుతూ ఉంటుంది. మితంగా తినేవాడు ఎక్కువ కాలం తింటాడని మా తాతయ్య అనేవాడు, ఆ లెక్కే. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికవాళ్లు 2011లో, అప్పటికే 3 లక్షల 30 వేల కిలోమీటర్లు దాటిన 2002 నాటి ప్రియస్‌ను తెచ్చి పరీక్షించారు. పదేళ్ల కిందట కొత్త బండి ఇచ్చిన మైలేజీకీ, దీనికీ తేడా దాదాపు లేనే లేదు. వాంకూవర్‌లో టాక్సీవాళ్లు ఏరికోరి ప్రియస్ కొన్నారంటే ఊరికే కొన్నారా? రోజూ గంటల తరబడి తిరిగే బండికి ఇంజిను బాగా కాగుతుంది, బ్యాటరీ కదలికలో ఉంటుంది. మన దగ్గర టయోటా హైరైడర్, హైక్రాస్ హైబ్రిడ్ల బ్యాటరీకి కంపెనీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. అయినా కవరు కప్పి వారానికోసారి గుడికి తీసే కారు కంటే క్యాబ్ డ్రైవర్ చేతిలోని కారు మీదే నాకు నమ్మకం.

ఎప్పుడో ఒక మాడ్యూలు పోతే అదొక్కటే మార్చి తక్కువలో కానిచ్చేవాళ్లూ ఉన్నారు. నాకైతే అది ముసలెద్దు పక్కన కోడెను కట్టి దుక్కి దున్నడంలా అనిపిస్తుంది. నాలుగు చాళ్లు నడుస్తుంది, ఆ తర్వాత ఇంకోటి కూలబడుతుంది.

బండిని నిజంగా ఆపేసేది చిన్న బ్యాటరీ, మామూలు 12 వోల్టులది. ప్రియస్ తరహా బండ్లలో విడిగా సెల్ఫ్ మోటారు లేదు, డైనమో లేదు. ఇంజిన్ను తిప్పేదీ, చిన్న బ్యాటరీని నింపేదీ పెద్ద బ్యాటరీయే. కాకపోతే కంప్యూటర్ను నిద్ర లేపే పని చిన్నదానిది. అది నీరసించిందా, గాదె నిండా వడ్లుండీ తలుపు తీసేవాడు లేనట్టే. ఒకసారి మూడు వారాలు ఊళ్లో లేం. తిరిగొచ్చి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. సెల్లార్‌లో నలుగురు పోగై ‘‘తోద్దాం పదండి’’ అన్నారు. గేరు పార్కులో బిగుసుకుని కారు అంగుళం కదల్లేదు. కదిలినా లాభం లేదు, క్లచ్చే లేని బండి తోస్తే స్టార్టవుతుందా?

మిగతావి మామూలు సంగతులే. ఇంజిను తక్కువ తిరుగుతుంది కదా అని ఆయిలు వాయిదా వేయకూడదు. ఆగుతూ, లేస్తూ, సరిగ్గా కాగకుండా తిరిగే ఇంజినుకు ఆయిలే ప్రాణం. దీనికి 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 లాంటి పల్చటిది కావాలి, షెడ్డులో డబ్బాలో మిగిలింది పోస్తే కుదరదు. ఇన్వర్టర్‌కి విడిగా కూలెంట్ ఉంటుందని చాలామందికి తెలియదు, దాని మట్టం చూసుకోవాలి. గేర్‌బాక్సు ఆయిలు ‘జీవితకాలం’ మార్చక్కర్లేదంటే ఎవరి జీవితకాలమని అడగండి. నేను లక్ష కిలోమీటర్లకోసారి మార్పిద్దామనే అనుకున్నాను. బ్రేకు నొక్కినప్పుడు వేగాన్ని చాలావరకు మోటారే కరెంటుగా మార్చుకుంటుంది కాబట్టి ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. పని లేకనే అవి పట్టేస్తాయి కూడా. విశాఖ ఉప్పుగాలిలో ఉండేవాళ్లు ఏడాదికోసారి విప్పించి గ్రీజు పెట్టించుకుంటే మంచిది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ కారును గేటు పక్కన ఆరుబయట పెట్టి, తాళం వాచ్‌మన్ చేతికిచ్చాను. చిన్న బ్యాటరీ మళ్లీ నీరసించకుండా నాలుగు రోజులకోసారి బ్రేకు తొక్కి బటన్ నొక్కు, గేరు ముట్టకు, అరగంట కూర్చుని కట్టేయి అని చెప్పాను. కనుమ నాడు ఫోను.

‘‘సార్, బటన్ ఒత్తిన. బండి స్టార్టయితలేదు. సప్పుడే లేదు.’’

‘‘ముందర పచ్చగా ‘రెడీ’ అని వెలుగుతోందా?’’

‘‘వెలుగుతున్నది సార్. గట్లనే ఉంచాల్నా?’’

ఉంచమన్నాను, అది వెలిగితే బండి లేచినట్టే. ఇద్దరం కాసేపు పండగ కబుర్లాడుకున్నాం. ఇంతలో ఫోన్లో ఇంజిను అందుకున్న చప్పుడు, వెంటనే అతని గొంతు:

‘‘సార్, నేనేం ముట్టలే!’’