భోషాణంలోని పాటలు

రేనాటి పల్లెల్లో జానపద గేయాలు సేకరించి డాక్టరేటు పట్టాలు పొందిన విద్వాంసులున్నారు. వారి శ్రమను నేను తక్కువ చేయను. కాని ఆ పాటలు ఇప్పుడెక్కడ వున్నాయి? సిద్ధాంత గ్రంథంలో ఉదాహరించిన నాలుగు చరణాల మాట కాదు నేనడిగేది. గాయకుడు గొంతెత్తి పాడిన పాట మొత్తం, ఏ వూళ్లో ఏ ఏట ఎవరు పాడారో రాసుకున్న నోటుపుస్తకం – అవి ఎక్కడ?

నేను నంద్యాలలో పాఠం చెప్పుకునేవాణ్ణి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద 2019లో సినిమా వచ్చినప్పుడు, ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చే విద్యార్థులు "మా అవ్వ పాడేదాంట్లో ఇట్లా లేదు సార్" అన్నారు. 1846లో కుంపిణీ మీద తిరగబడి, 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కినవాని కథ అది. ఒక్కొక్క గాయకుని నోట ఒక్కొక్క తీరుగా నడుస్తుంది. ఏ వూరు దేన్ని గుర్తుంచుకుంది, దేన్ని మరిచింది అన్న ఆ తేడాల్లోనే చరిత్ర వుంది. పోల్చి చూపుదామని ఒక పెద్ద పరిశోధకుణ్ణి టేపులడిగాను. "అది నా కష్టార్జితం" అన్నారాయన. ఆ కష్టార్జితానికి బూజుపట్టి చాలాకాలమైందని తర్వాత తెలిసింది.

మెకంజీ కాగితాల సంగతి చూడండి. కావలి సోదరులూ వారి తోటివారూ వూరూరా తిరిగి రాయించిన కైఫీయతులు, 1821లో మెకంజీ చనిపోయాక దిక్కులేకుండా శిథిలమవుతుంటే, బ్రౌను వాటికి ప్రతులు రాయించాడు. అందులో దొరల పాలనావసరం లేదని అమాయకులు తప్ప ఎవరూ అనరు. అయినా ప్రతి తీయించినందువల్లనే అవి నేడు మన చేతికందాయి. మన విశ్వవిద్యాలయాలకు ఆపాటి బుద్ధి వుండవద్దా?

యూజీసీ 2009 నిబంధనల పుణ్యమా అని సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగకు చేరే దారి ఏర్పడింది. సంతోషం. కాని ఆ నిబంధన అడిగింది గ్రంథాన్నే, దానికి ఆధారమైన టేపుల్ని కాదు. మూడు పాఠాలు కలిపి వండిన 'శుద్ధప్రతి'ని పరీక్షకుడు దేనితో సరిచూడాలి? సాక్షిని విచారించకుండా తీర్పు చెప్పడం కాదా ఇది?

ఇతరులు కాజేస్తారని కొందరి భయం. సరే, రెండు మూడేళ్లు తాళం వేయండి. అయితే తాళంచెవి గ్రంథాలయం దగ్గర వుండాలి. అన్నీ బయటపెడితే పాడినవారికి చిక్కులు రావా అని మరికొందరంటారు. ఈ మాటలో నిజముంది. పాటల్లో ఇంటిపేర్లుంటాయి, వూరి కక్షలుంటాయి, నమ్మి చెప్పిన గుట్టుంటుంది. అందుకే రికార్డు చేసేనాడే గాయకుణ్ణి అడగాలి: పేరు చెప్పవచ్చునా, అందరికీ వినిపించవచ్చునా, ఏది దాచాలి? ఆ జవాబును పాటతోపాటు భద్రపరచాలి. అయితే 'గాయకుని మర్యాద' అన్న మాట, గాయకుణ్ణి ఒక్కనాడూ అడగని పెద్దమనిషి నోట రాగూడదు.

టేపులూ నోటుపుస్తకాలూ అప్పగించనిదే మౌఖిక పరీక్ష జరపవద్దు. ఒక ప్రతి విశ్వవిద్యాలయంలో, గాయకుడు సరేనన్న పాటల ప్రతి నంద్యాల గ్రంథాలయంలో వుంచాలి. డబ్బెక్కడిదంటారా? సన్మానాలకు శాలువాలు కొనగలిగిన శాఖ, రెండు హార్డ్ డిస్కులు కొనలేనంత బీదదంటే నేను నమ్మను.