లాయర్‌గా ఎన్‌రోల్ కావడానికి రూ.750 చాలు.. మరి ఆ తర్వాత మూడేళ్లు గడిచేదెలా? గోలేటి నుంచి ఆసిఫాబాద్ బార్ దాకా కొత్త వకీళ్ల లెక్క ఇదీ!

లా డిగ్రీ చేతికొచ్చింది. లాయర్‌గా పేరు నమోదు చేసుకోవడానికి కట్టాల్సింది రూ.750. ఎస్సీ, ఎస్టీలకైతే రూ.125 మాత్రమే. ఇది సుప్రీంకోర్టు తేల్చి చెప్పిన లెక్క. ఇంత తక్కువేనా అనుకుంటున్నారా? ఆగండి. అసలు ఖర్చు నల్లకోటు వేసుకున్న మర్నాటి నుంచి మొదలవుతుంది.

కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటినే తీసుకుందాం. సింగరేణి బెల్లంపల్లి ఏరియా జీఎం ఆఫీస్ ఉన్న టౌన్‌షిప్ ఇది. ఇక్కడి ఇళ్లలో బతుకు లెక్క అంతా నెల జీతం మీదే నడుస్తుంది. డ్యూటీకి వెళ్తే మస్టర్ పడుతుంది, మస్టర్ పడితే జీతం వస్తుంది. అలాంటి ఇంట్లో కొడుకో, బిడ్డో "నేను కోర్టులో ప్రాక్టీస్ పెడతా" అంటే తండ్రి అడిగే మొదటి మాట ఒక్కటే. "జీతం ఎంత ఇస్తరు?" దానికి సమాధానం లేకపోవడమే ఇక్కడ అసలు సమస్య.

ఫీజు ఎలా తగ్గింది?

అడ్వకేట్స్ యాక్ట్, 1961లోని సెక్షన్ 24 ఎన్‌రోల్‌మెంట్ ఫీజును ఎప్పుడో ఫిక్స్ చేసింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రూ.600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు రూ.150. కానీ రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు లైబ్రరీ ఫండ్, వెల్ఫేర్ ఫండ్, ఐడీ కార్డు అంటూ రకరకాల పేర్లతో వేల రూపాయలు వసూలు చేస్తూ వచ్చాయి. ఒడిశాలో ఇది రూ.42 వేలు దాటింది.

దీనిపై గౌరవ్ కుమార్ కేసులో 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చట్టంలో రాసిన దానికి మించి ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దని అప్పటి సీజేఐ డీవై చంద్రచూడ్, జస్టిస్ జేబీ పార్దీవాలా బెంచ్ స్పష్టం చేసింది. పేద, అణగారిన వర్గాల నుంచి వచ్చేవాళ్లను ఈ ఫీజులు గుమ్మం దగ్గరే ఆపేస్తున్నాయన్నది కోర్టు ఆందోళన. 2025 ఆగస్టులో మరో అడుగు ముందుకేసి, "ఆప్షనల్" పేరుతో కూడా అదనపు ఫీజులు తీసుకోకూడదని చెప్పింది.

అంటే గుమ్మం దాటడం తేలికైంది. మరి లోపల?

రూ.750 తర్వాత వచ్చే బిల్లు

ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లలో ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ పాస్ కావాలి. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉందని 2023 ఫిబ్రవరి 10న రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఇటీవలి పరీక్షలకు జనరల్, ఓబీసీ అభ్యర్థుల ఫీజు రూ.3,500. ఎస్సీ, ఎస్టీలకు రూ.2,500. అంటే ఎన్‌రోల్‌మెంట్ కంటే పరీక్ష ఫీజే నాలుగు రెట్లు ఎక్కువ! ఒక ఊరట ఏంటంటే, ఈ పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు.

తర్వాత బార్ అసోసియేషన్ మెంబర్‌షిప్. చాలామందికి ఇక్కడే కన్‌ఫ్యూజన్. బార్ కౌన్సిల్ వేరు, బార్ అసోసియేషన్ వేరు. కౌన్సిల్ అనేది చట్టం కింద ఏర్పడిన సంస్థ, లైసెన్స్ ఇచ్చేది అదే. అసోసియేషన్ అంటే ఆ కోర్టులో పనిచేసే లాయర్ల సంఘం. రూ.750 తీర్పు కౌన్సిల్‌కే వర్తిస్తుంది. అసోసియేషన్ ఫీజు ఆ సంఘం బైలా ప్రకారం ఉంటుంది. బార్ రూంలో కుర్చీ, లైబ్రరీ, అన్నింటికంటే ముఖ్యంగా సీనియర్ల పరిచయం దొరికేది మాత్రం ఈ సంఘంలోనే.

ఇక కోటు, గౌను, బ్యాండ్లు, బేర్ యాక్ట్‌లు, రోజూ కోర్టుకు రానుపోను ఖర్చు. గోలేటి క్రాస్ రోడ్డు దాకా వచ్చి అక్కడి నుంచి ఆసిఫాబాద్‌కో, బెల్లంపల్లికో పోవాలి. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జిల్లా కోర్టులు ప్రారంభమయ్యాక ఆసిఫాబాద్ కూడా జ్యుడీషియల్ జిల్లా కేంద్రమైంది. అంతకుముందు జిల్లా కోర్టు అంటే ఆదిలాబాదే. కోర్టు దగ్గరికొచ్చింది, నిజమే. కానీ దగ్గరి కోర్టుకైనా రోజూ పోవాల్సిందే కదా.

జూనియర్ చేసే పనేంటి? వచ్చేదెంత?

మొదటి ఏడాది జూనియర్ పని చాలావరకు ఇలా ఉంటుంది. పొద్దున్నే కాజ్ లిస్ట్ చూడటం, డైరీలో వాయిదాలు రాయడం, సీనియర్ వేరే కోర్టులో ఉంటే పాస్ ఓవర్ అడగడం, సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టడం, వకాలత్ నింపడం. నేర్చుకునేది ఇక్కడే. కానీ నెలాఖరుకు చేతికొచ్చేది సీనియర్ దయ మీద ఆధారపడి ఉంటుంది. కొందరు పెట్రోల్ ఖర్చులు ఇస్తారు, కొందరు అదీ ఇవ్వరు.

దీనిపై 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు ఇవ్వాలని సూచించింది. రూ.15 వేల చొప్పున మూడేళ్లంటే రూ.5.40 లక్షలు. వినడానికి బాగుంది. కానీ ఇది సిఫారసు మాత్రమే. ఇవ్వకపోతే ఏమవుతుందంటే, ఏమీ కాదు.

సీనియర్లదే తప్పని తేల్చేయడం కూడా న్యాయం కాదు. చెక్ బౌన్స్, భార్యాభర్తల గొడవలు, చిన్న సివిల్ దావాలతో నడిచే చిన్న కోర్టులో చాలామంది సీనియర్ల ఆదాయమే అంతంతమాత్రం. తన ఇల్లు గడవడమే కష్టమైన సీనియర్, నెలనెలా రూ.15 వేలు ఎక్కడి నుంచి తెస్తారు?

జడ్జి కావాలన్నా ఈ మూడేళ్లే కీలకం

ఇక్కడే అసలు ట్విస్ట్. 2025 మే 20న సుప్రీంకోర్టు మరో కీలక తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు ప్రాక్టీస్ ఉండాలని చెప్పింది. పదేళ్ల అనుభవమున్న లాయర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని జ్యుడీషియల్ ఆఫీసర్ ధ్రువీకరించాలి. కోర్టు మొహం చూడకుండా నేరుగా జడ్జి సీట్లో కూర్చుంటే ఇబ్బందులు వస్తున్నాయన్నది కారణం. ఇందులో న్యాయముంది.

అయితే రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పేదింటి పిల్లలకు తలుపు తీసింది. రెండోది, లోపలికొచ్చాక మూడేళ్లు ఆదాయం ఉన్నా లేకున్నా నిలబడమంటోంది. ఆ మూడేళ్లు ఎవరు నిలబడగలరు? నాన్న లాయరై, ఇంట్లోనే ఆఫీస్ ఉన్నవాళ్లు. భూములో, అద్దెలో ఉన్నవాళ్లు. వేరే ఉద్యోగం చేసుకుంటూ ప్రాక్టీస్ చేద్దామంటే కుదరదు. లాయర్ ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేయకూడదని బార్ కౌన్సిల్ రూల్ 49 చెబుతోంది. పెళ్లి చేసేద్దామని ఇంట్లో తొందరపెట్టే అమ్మాయిలకు ఈ మూడేళ్లు మరింత బరువు.

బొగ్గు ప్రాంతంలో కేసులు లేవా?

ఉన్నాయి, అదీ ప్రత్యేకమైనవి. వారసుల తగాదాలు, సక్సెషన్ సర్టిఫికెట్లు, సీఎంపీఎఫ్ డబ్బులు, మెడికల్ ఇన్‌వ్యాలిడేషన్, డిపెండెంట్ ఉద్యోగాలు, డిస్మిస్ అయిన కార్మికుల కేసులు, ఓపెన్‌కాస్టుల కింద పోయిన భూములు. సింగరేణి ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ మాటలు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇది వాళ్లకు పుస్తకాల్లో దొరకని బలం.

చిక్కు ఏంటంటే, ఇందులో చాలా పని స్థానిక కోర్టుకు రాదు. ఉద్యోగాల మీద రిట్ వేయాలంటే హైదరాబాద్‌లోని హైకోర్టుకు పోవాలి. లేబర్ కేసులకు గోదావరిఖనిలో ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ కమ్ లేబర్ కోర్టు ఉంది. అక్కడ లాయర్ వాదించాలంటే ఎదుటి పక్షం ఒప్పుకోవాలి, కోర్టు అనుమతీ కావాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ నిబంధన, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. యూనియన్ నాయకులు మాత్రం కార్మికుడి తరఫున నేరుగా నిలబడొచ్చు.

మరో కోణం కూడా ఉంది. 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్, బీఎస్ఏ వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూ భారతి వచ్చింది. లేబర్ కోడ్‌లూ మారాయి. ముప్పై ఏళ్ల సీనియర్‌ కూడా సెక్షన్ నంబర్లు మళ్లీ చూసుకోవాల్సిన టైమ్ ఇది. కొత్త చట్టం మీద పట్టున్న జూనియర్‌కు విలువ పెరిగే అవకాశం ఇదే.

ఇప్పుడే ఎన్‌రోల్ అవుతున్నారా? ఇవి గుర్తుపెట్టుకోండి

• ఆలస్యం చేయొద్దు. జడ్జి పరీక్షకు కావాల్సిన మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్క. బార్ ఎగ్జామ్ పాసైన రోజు నుంచి కాదు.

• సీనియర్ దగ్గర చేరే ముందే పని గంటలు, ఖర్చులు మర్యాదగా మాట్లాడుకోండి. అడగడం తప్పు కాదు. సర్క్యులరే చెబుతోంది కదా.

• ఎస్సీ, ఎస్టీ, బీసీ లా గ్రాడ్యుయేట్లకు సంక్షేమ శాఖల శిక్షణ, స్టైపెండ్ పథకాలున్నాయి. మొత్తం చిన్నదే అయినా జిల్లా సంక్షేమ ఆఫీస్‌లో నోటిఫికేషన్ గురించి అడగండి.

• లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ నోటిఫికేషన్లు గమనించండి. అసిస్టెంట్ పోస్టులకు మూడేళ్లలోపు ప్రాక్టీస్ ఉన్నవాళ్లూ పోటీపడొచ్చు. నెలనెలా గౌరవ వేతనం వస్తుంది.

• రీల్స్ చేసి కేసులు పట్టాలనుకుంటే జాగ్రత్త. లాయర్లు ప్రకటనలతో క్లయింట్లను పిలవకూడదని రూల్ 36 చెబుతోంది. సోషల్ మీడియా ప్రమోషన్ల మీద 2025 మార్చిలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మళ్లీ హెచ్చరించింది.

మరి పరిష్కారం?

దారి లేదని కాదు. ఏపీలో 2019 డిసెంబర్‌లో మొదలైన 'లా నేస్తం' కింద జూనియర్లకు మొదటి మూడేళ్లు నెలకు రూ.5 వేలు ఇచ్చారు. కేరళ కూడా వెల్ఫేర్ ఫండ్ నుంచి రూ.5 వేల దాకా ఇచ్చేలా నిబంధనలు తెచ్చింది. మొత్తం ఎంతన్నది పక్కన పెడితే, ఆ మూడేళ్ల భారం జూనియర్ కుటుంబం ఒక్కటే మోయాల్సింది కాదని ఒప్పుకున్నట్టే.

చిన్న బార్‌లకు కావాల్సింది ఇదే. సీనియర్లకు సిఫారసు పంపి చేతులు దులుపుకోవడం కాకుండా, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. మూడేళ్లు తప్పనిసరి అన్నప్పుడు, ఆ మూడేళ్లకు కనీస భృతి కూడా ఉండాలి. లేదంటే రూ.750కే తలుపు తెరిచినా, మూడేళ్ల తర్వాత జడ్జి పరీక్ష హాల్లో కూర్చునేది ఎప్పటిలాగే ఇంట్లో వెసులుబాటు ఉన్నవాళ్లే. గోలేటిలో ఆ తండ్రి అడిగిన "జీతం ఎంత?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఇంట్లో పిల్లలు కాదు. ప్రభుత్వం, బార్ కౌన్సిల్.