బొమ్మరైలూ, బొమ్మల కొలువూ

మావారు మేడమీది గది నిండా బొమ్మరైలు పట్టాలు పరిచారు. అంతా అసలులో 87వ వంతుట! రంపపు పొట్టుకి పచ్చరంగు అద్ది గడ్డి చేశారు. చూసినవాళ్లంతా "ఎంత కళ!" అన్నారు. నేనూ అన్నాను, బాగుంది మరి.

సంక్రాంతి కొలువులో అత్తయ్యగారు కొండపల్లి బొమ్మలు పేర్చి, ఆవాలు మొలకెత్తించి చేనూ, అద్దం ముక్కతో చెరువూ చేస్తే మాత్రం అది "ఆడవాళ్ల కాలక్షేపం" ట!

హాంబర్గులో 2001లో కవల సోదరులు తెరిచిన బొమ్మరైళ్ల లోకాన్ని జనం టిక్కెట్టు కొని చూస్తున్నారు. మన కొలువు చూసినవాళ్లకి మనమే శనగలు పెట్టి పంపుతాం.

పనితనం ఒక్కటే. మరి ఆయనకి ఏడాది పొడుగునా గదీ, ఆవిడకి మూడు రోజులు హాల్లో మూలా ఏమిటండీ? ఈసారి కొలువు మేడమీదే. రైలుకి అభ్యంతరం లేదు. మా చెరువుగట్టు పక్కనుంచి పోనివ్వండి!