లేఖకునికి గురువెవరు?



పుస్తకమును చూచి వేదము చెప్పరాదనునది వేదపాఠశాలలో మాకు తొలుత నేర్పిన నియమములలో ఒకటి. పాణినీయశిక్ష ఆరుగురు అధమపాఠకులను పేర్కొనుచు, వ్రాసినదానిని చూచి చదువువానిని కూడ వారిలో చేర్చినది. గురుముఖమున వినవలెను, కంఠమున నిలుపవలెను, మరల శిష్యునకు చెప్పవలెను. అట్టి సంప్రదాయమున పెరిగిన నేను నలుబది యేండ్లు దాటిన పిమ్మట కలము పట్టితిని. ప్రతి పౌర్ణమికి ఒక ధార్మికవిషయమును గూర్చి రెండు పుటలు వ్రాసి, జిరాక్సు ప్రతులు తీయించి, ఆలయమండపమున భక్తులకు అందించు అలవాటు ఒక పుష్కరకాలముగా సాగుచున్నది. ఇప్పటికి సుమారు 150 పత్రములైనవి. ఇన్నేండ్ల వ్రాత వలన నేర్చినదేమని ఈ మధ్య నన్ను నేను ప్రశ్నించుకొంటిని. ఇతరులకు బోధించుటకై మొదలిడిన పని నాకే అధికముగా బోధించినదని తేలినది. అందు కొన్ని సంగతులు సుఖముగా చెప్పుకొనదగినవి కావు. అయినను చెప్పుట మేలని తలచి వ్రాయుచున్నాను.

వ్రాత మొదట నా అజ్ఞానమును నాకు చూపినది. నిత్యము హారతి యైన పిమ్మట మంత్రపుష్పము చెప్పుట నా విధి. తైత్తిరీయారణ్యకము ప్రథమప్రశ్నలోని ఆ భాగమును నడిరేయి నిద్రలేపి అడిగినను స్వరము తప్పక చెప్పగలను. కాని దాని భావమును వ్రాయుటకు కూర్చున్ననాడు మూడవ వాక్యము కడనే కలము ఆగినది. చంద్రుడు జలములకు పుష్పమని అందు కలదు. ఎందువలన పుష్పము? జలమునకును చంద్రునకును గల సంబంధమెట్టిది? అంతకు ముందు ఎన్నో యేండ్లు ప్రతిసాయంకాలము ఆ మంత్రమును పలికినను ఈ ప్రశ్న ఒక్కనాడును నాకు కలుగలేదు. నోరు నడచుచుండగా బుద్ధి విశ్రమించినది. అర్థమెరుగక వేదమును మోయువానిని నిరుక్తము బరువు మోయు స్తంభముతో పోల్చినది. ఆ పోలికను విన్నప్పుడెల్ల నేను ఇతరులను తలచుకొనెడివాడను. ఆ రాత్రి నన్ను తలచుకొంటిని. సాయణాచార్యుల భాష్యమును ముందుంచుకొని పదునైదు దినములు శ్రమించిన గాని ఆ రెండు పుటలు పూర్తి కాలేదు.

భారతలేఖనమును గూర్చిన ప్రసిద్ధకథను మనమందరము వినియున్నాము. తన ఘంటము ఆగకుండ చెప్పవలెనని విఘ్నేశ్వరుడు నియమము పెట్టగా, అర్థము తెలియక వ్రాయరాదని వ్యాసభగవానుడు ప్రతినియమము పెట్టెను. బాల్యమున ఈ కథలో నాకు వ్యాసుని చమత్కారము మాత్రమే కనబడెడిది. ఇప్పుడు లేఖకునికి విధింపబడిన ధర్మము కనబడుచున్నది.

అయినను, తెలియదని తెలిసినచోట మనుష్యుడు ఆగును, వెదకును. తెలిసినదనుకొన్నచోటనే ప్రమాదము పొంచియుండును. అది నాకు ఇట్లు అనుభవమునకు వచ్చినది.

కొన్నేండ్ల క్రిందట అహింసను గూర్చి ఒక పత్రము వ్రాసితిని. అహింస పరమధర్మమని చెప్పు భారతవాక్యమునకు, ధర్మముకొరకు చేయు హింసయు అట్టిదే అను రెండవ పాదము కలదనియు, లోకము మొదటి పాదమునే పట్టుకొని రెండవదానిని మరచినదనియు అందు ఉద్ఘాటించితిని. ఆ మాటను నేను పలు ఉపన్యాసములలో వినియుంటిని. ఇందరు చెప్పుచున్నదానిని మూలమున చూడవలెనన్న ఆలోచనయే నాకు కలుగలేదు. ఆ పత్రమునకు లభించినంత ప్రశంస నా వ్రాతలలో మరి దేనికిని లభింపలేదు. మంత్రపుష్పమును గూర్చిన పత్రములు మండపమున మిగిలిపోయి గాలికి ఎగిరినవి. దీనిని మాత్రము రెండు మారులు మరల తీయించవలసివచ్చినది. నేనును పొంగిపోతిని.

పిమ్మట కొన్ని దినములకు విశ్రాంత ఉపాధ్యాయురాలైన ఒక వృద్ధమాత, అనుశాసనపర్వపు సంపుటమును చేతి సంచిలో పెట్టుకొని ఆలయమునకు వచ్చిరి. ప్రదక్షిణము ముగించి, తీర్థము తీసికొని, జనము తగ్గువరకు వేచియుండి మెల్లగా అడిగిరి: "పంతులుగారూ, మీరు వ్రాసిన రెండవ పాదము ఏ పర్వములో ఉన్నదండీ? నేను వెదకితిని, నాకు దొరకలేదు."

"చూచి చెప్పెదనమ్మా" అంటిని. ఆ రాత్రి చూచితిని. భీష్ముడు ధర్మరాజునకు అహింసామహిమను చెప్పు ఘట్టమున, అహింస పరమధర్మమన్న వెంటనే, దానినే ఇంద్రియనిగ్రహములలో, దానములలో, తపస్సులలో ఉత్తమమైనదిగా కీర్తించుచు పోయెను. ఆదిపర్వమున రురుని కథలోను ఆ మాట వచ్చును. అరణ్యపర్వమున ధర్మవ్యాధుని ఉపదేశములోను వచ్చును. నేను వ్రాసిన పాదము ఈ మూడు చోట్లలో ఎచ్చటను లేదు. పైగా ధర్మవ్యాధుడు కౌశికునకు అహింసకు ఆధారము సత్యమని బోధించినాడు. సత్యమును గూర్చిన ఆ మాట కడనే నా అసత్యము బయటపడినది.

ఇచ్చట ఒక సంగతి స్పష్టము చేయవలెను. క్షత్రియునకు ధర్మయుద్ధము విహితమని భారతము చెప్పును. గీతోపదేశము జరిగినది రణరంగముననే. ఆ విషయమును గూర్చి ఎవరైనను శాస్త్రము చూపి చర్చింపవచ్చును. కాని వ్యాసుడు చెప్పని మాటను వ్యాసుని నోట పెట్టుటకు నాకు అధికారము లేదు. మాట నచ్చినంత మాత్రమున అది ప్రమాణము కాజాలదు.

తప్పు తెలిసిన పిమ్మట నేనేమి చేసితిని? సిగ్గుతో ఒప్పుకొనుచున్నాను, ఒక పౌర్ణమి వరకు ఊరకుంటిని. హితైషులొకరు, "పంతులుగారూ, అర్చకులే తప్పు వ్రాసినామని చెప్పుకొన్నచో జనులకు ఇక నమ్మకమేమి మిగులును? కాలక్రమమున అందరును మరచిపోవుదురు" అని సలహా ఇచ్చిరి. ఆ సలహా నాకు మధురముగా తోచినది. ఆ పౌర్ణమికి వేరొక విషయమును వ్రాసి పంచితిని. ఆ వృద్ధమాత ఆ పత్రమును తీసికొని, చదివి, ఏమియు అనక మడచి సంచిలో పెట్టుకొనిరి.

ఆ నెలలోనే ఉత్సవముల సందర్భమున ఊరిలో రెండు వర్గముల యువకుల మధ్య తగవు పుట్టినది. ఒక వర్గమువారు కట్టిన ఫ్లెక్సీపై నేను వ్రాసిన ఆ పాదము పెద్ద అక్షరములతో వెలసినది. ఇది ఎచ్చటిదని అడిగినవారికి, "భారతములో ఉన్నది, మా గుడి పంతులుగారే వ్రాసినారు" అని సమాధానమిచ్చిరట. పెద్దలు కలుగజేసికొనుటచే తగవు చేతులదాకా పోలేదు. అది వారి వివేకము, భగవంతుని అనుగ్రహము. అందు నా గొప్ప ఏమియు లేదు. మాట నోట వచ్చినచో గాలిలో కలియును. కాగితమున నిలిచిన మాట నా వెంట నడవక, తనకు నచ్చిన త్రోవన పోయినది.

తరువాతి పౌర్ణమి పత్రమున మొదటి పుట యంతయు నా తప్పును గూర్చియే వ్రాసితిని. మునుపటి పత్రము ఎన్ని ప్రతులు పంచితినో అన్ని ప్రతులే తీయించితిని. హారతి యైన పిమ్మట సభాముఖమున చెప్పితిని కూడ. కొందరు మెచ్చుకొనిరి. కొందరు నొచ్చుకొనిరి. నేను ఎవరికో భయపడి మాట మార్చితినని అనుకొన్నవారును కలరు. వారిలో ఒకరిద్దరు నేటికిని నా పత్రమును తీసికొనరు. ఆలస్యము చేసిన ఆ నెలకు ఇది న్యాయమైన ప్రతిఫలమే.

ఈ అనుభవమును పాఠశాలతో పోల్చి చూచుకొంటిని. వేదాక్షరము జారిపోకుండుటకై మన పూర్వులు చేసిన ఏర్పాటు అసామాన్యమైనది. సంహితతో తృప్తిపడక పదపాఠము, క్రమపాఠము, జట, ఘన అని పదములను విడదీసియు, ముందువెనుకలుగా కలిపియు చెప్పించిరి. ఒక పాఠమున జారిన తప్పు మరియొక పాఠమున పట్టుబడును. స్వరము ఒక్కటి తప్పినచో గురువుగారు తలయెత్తి చూచెడివారు. ప్రక్కనున్న సహాధ్యాయి ఆగిపోయెడివాడు. ఆ చూపునకు భయపడుచు పది పన్నెండేండ్లు చదివితిమి. కలము పట్టిననాడు ఆ చూపు లేదు. ఏమి వ్రాసినను ఆపువారు లేరు. అడ్డు లేకపోవుటను నేను అధికారమని భ్రమించితిని.

కావున నా అభిప్రాయమిది: లేఖకునికి గురుస్థానమున ఉండువాడు ప్రశ్నించు పాఠకుడే. మెచ్చుకొను పాఠకుడు మనకు ప్రోత్సాహమిచ్చును, కాదనను. కాని ఘనపాఠము వేదమునకు చేయు రక్షణను మన వ్రాతకు చేయువాడు, "ఇది ఎచ్చట ఉన్నది?" అని అడుగువాడు. అట్టివానిని అశ్రద్ధాళువని, కుతర్కియని త్రోసిపుచ్చుట మన ధార్మికలోకమున తరచుగా జరుగుచున్నది. అది మనకు మనమే చేసికొను ద్రోహము. అర్చకుడు తప్పు ఒప్పుకొన్నచో నమ్మకము పోవునన్న వాదము నిలువదు. భక్తులు నమ్మవలసినది శాస్త్రమును, భగవంతుని. నా దోషము వెల్లడియైనందున భారతమునకు కళంకము లేదు. దాచియుంచినచో, నా దోషము భారతదోషముగా చెలామణి యగును.

గీత పదునేడవ అధ్యాయమున వాఙ్మయతపస్సును నిర్వచించుచు, వాక్కు ఉద్వేగమును కలిగింపరాదనియు, సత్యము, ప్రియము, హితము కావలెననియు భగవానుడు చెప్పి, స్వాధ్యాయాభ్యాసమును కూడ దానిలో చేర్చినాడు. వ్రాతయు వాక్కే. నా పత్రమును ఆ కొలతతో కొలిచినచో ప్రియత్వమొక్కటే నిలిచినది. సత్యము లేదు, హితము లేదు, ఉద్వేగమును కలిగించినది. స్వాధ్యాయము చేయకయే వ్రాసితిని. మిక్కిలి ప్రశంస పొందిన వ్రాత ఆ కొలతకు అంతగా తప్పిపోవుట చూచిన పిమ్మట ప్రశంసను ప్రమాణముగా గ్రహించుట మానితిని.

ఈ విషయమున తాళ్లపాక అన్నమాచార్యులు నాకు ఆదర్శము. ఆయన 32,000 సంకీర్తనలు రచించినట్లు మనుమడు చినతిరువేంగళనాథుడు చెప్పినాడు. దినమునకు ఒక్క సంకీర్తనయైనను స్వామికి సమర్పించు నియమము ఆయనదని పెద్దలు చెప్పుదురు. రాగిరేకులకెక్కిన ఆ పదములు తిరుమల ఆలయములోని సంకీర్తనభాండారమున శతాబ్దములు నిలిచి, 20వ శతాబ్దమున అచ్చులో లోకమునకు అందినవి. నేడు లభించునవి అందు సగమునకు తక్కువే. వినువారు ఎందరని లెక్కింపక, స్వామి వినుచున్నాడను ఎరుకతో వ్రాసినవానికి అబద్ధము వ్రాయుట ఎట్లు సాధ్యము? మా మండపమున గాలికి ఎగిరిన పత్రములను ఏరుకొనునపుడు ఈ మాట నాకు ధైర్యమిచ్చును.

ఇప్పుడు నేను పర్వము, అధ్యాయము చూపక ఏ వాక్యమును శాస్త్రమునకు ఆరోపింపను. చూపలేనిచో, అది పెద్దల మాటయనియో, నా ఊహయనియో స్పష్టముగా వ్రాసెదను. తప్పు దొరలినచో ఎచ్చట దొరలినదో అచ్చటనే, అంతే పెద్ద అక్షరములతో దిద్దెదను. పత్రము జిరాక్సునకు పోకముందు ఆ వృద్ధమాతకు ఒక ప్రతి పంపుచున్నాను. నిన్న వారి నుండి చీటి వచ్చినది. అందు మూడు ప్రశ్నలు కలవు. రెంటికి సమాధానము వ్రాసితిని. మూడవదానికై ఇంకను వెదకుచున్నాను.

స్వస్తి.